నాలుగో మూల

గడియారాల కొట్టాయన పెట్టెను గుడ్డలోంచి తీసి నా బల్ల మీద పెట్టాడు. గుడ్డ మడిచి జేబులో కుక్కుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, అప్పుడు చెప్పాడు.

"మీ అమ్మాయి చేసింది, మేస్త్రీ."

నేను రంపానికి పదును పెడుతున్నాను. ఆకురాయి ఆపలేదు.

"బాబాయి దగ్గర మానేసి సొంతంగా పెట్టుకుంటానంటోంది. నా గడియారాల పెట్టెలన్నీ తనకే ఇమ్మంటోంది."

"ఇచ్చుకోండి."

"ఇద్దామనే. కానీ మూలలు నిలుస్తాయో నిలవవో నాకేం తెలుసు? గడియారమైతే చెవి దగ్గర పెట్టుకుని చెప్తా. చెక్క నాకు తెలీదు. మీరు బాగుందంటే ఇచ్చేస్తా. లేదంటే లేదు."

"తండ్రిని అడుగుతున్నారా?"

"మేస్త్రీని అడుగుతున్నా. టీ తాగి, చిన్న పనుంది, చూసుకుని గంటలో వస్తా."

వెళ్లాడు. చెప్పుల చప్పుడు సందు మలుపు దాకా వినపడింది, ఆ తర్వాత పక్క కొట్టువాడు సానరాయి తిప్పడం మొదలుపెట్టాడు, వాడికి ఎప్పుడు తిప్పాలో తెలీదు, ఎప్పుడు ఆపాలో అంతకన్నా తెలీదు. నేను పెట్టె దగ్గరికి పోలేదు. దూరం నుంచే చూశాను. మూరకు తక్కువ, జానకు ఎక్కువ. రేకు కప్పు సందులోంచి ఎండ పడి పెట్టె మీద ఒక గీత గీసింది. పైకి బాగానే ఉంది. పైకి అన్నీ బాగానే ఉంటాయి. నా ఇల్లు కూడా పైకి బాగానే ఉండేది, వచ్చినవాళ్లందరూ అదే అనేవాళ్లు. మా ఆవిడ పోయాక అదే జనం ఇదే కొట్టులో కూర్చుని, కూతురుంది కదయ్యా, ఆసరాగా ఉంటుంది అన్నారు. ఆసరా. చెప్పి, టీ తాగి, గ్లాసు నా బల్ల మీదే పెట్టి పోయారు, తడి గ్లాసు, చెక్క మీద గుండ్రంగా మచ్చ. చిత్రిక పట్టినా పూర్తిగా పోలేదు. వాళ్లెవరూ మళ్లీ రాలేదు. రాకపోవడమే మంచిదయింది. ఏదీ, ఆ ఆసరా ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే నేను సందు చివర బోర్డు చూపించాలి. లప్పం గాడి బోర్డు.

లప్పం అంటే నా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. వాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది కానీ పనివాళ్లెవరూ దాన్ని వాడరు. ఏ మూల విడినా, ఏ సందు కనబడినా, రంపపు పొట్టులో జిగురు కలిపి ముద్ద చేసి, ఆ లప్పం కూరేస్తాడు. పైన మెరుగు పూస్తాడు. "అన్నయ్యా, కొనేవాడు సందు చూస్తాడా, మెరుపు చూస్తాడా?" అంటాడు, పళ్లన్నీ బయటపెట్టి. వాడికి నాలుగు యంత్రాలున్నాయి. నా కూతురు తల్లి పోయి ఏడాది తిరక్కుండానే వాడి యంత్రాల పక్కకు పోయి నిలబడింది. బాబాయీ బాబాయీ అంటూ. నేను ఆ సందులోంచి నడవడం మానేశాను. చుట్టూ తిరిగి పోతాను. మోకాలు నొప్పి పుట్టినా చుట్టూ తిరిగే పోతాను.

లేచాను. ముందు లప్పం కోసం చూశాను, ఎందుకంటే అది దొరికితే పని ఒక్క నిమిషంలో అయిపోతుంది. బొటనవేలి గోరు మూల మీద ఆనించి పైనుంచి కిందికి లాగాను. లప్పం ఉంటే గోటికి పొడి అంటుతుంది, చెక్క ఉంటే గోరు జారుతుంది. జారింది. రెండో మూల. జారింది. మూడోది, నాలుగోది. గోరు ఎక్కడా ఆగలేదు. ఒళ్లు మండింది. వాడి దగ్గర ఇన్నాళ్లుండి వాడి విద్య కూడా నేర్చుకోలేదన్నమాట.

సరే. సందు చూద్దాం. పెట్టెకు నాలుగు పలకలు, ఒక్కో పలకకు రెండు చివరలు, మొత్తం ఎనిమిది వాలు కోతలు. ఒక్కో కోతలో వెంట్రుకంత తప్పు పోతే ఆ తప్పులన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని చివరి మూలకు చేరతాయి. మొదటి మూల బిగుతుగా మూసుకుంటుంది, రెండోదీ మూసుకుంటుంది, మూడోది గొణుగుతుంది, చివరిది నోరు తెరుస్తుంది. చాలామంది ఆ నోరు చూసి ఆ మూలనే కొడతారు, కోస్తారు, గీకుతారు. తప్పు అక్కడ లేదు. తప్పు మిగతా ఆరు కోతల్లో ఉంది. ఈ మాట ఆ పిల్లకు ఎన్నిసార్లు చెప్పానో. చెప్పింది మామూలు గొంతుతో కాదు, అరుపుతో. వినబడింది అనుకుంటా. వెలుతురుకు ఎత్తి పట్టుకుని లోపలి నుంచి చూశాను. వెలుగు ఎక్కడా దూరలేదు. మూలమట్టం పెట్టాను. అటు తిప్పి, ఇటు తిప్పి. మూలమట్టం తప్పేమో అని గోడకున్న ఇంకోటి తీసి పెట్టాను. నవ్వు వచ్చింది నా మీద నాకే, నవ్వలేదు.

అయితే నాలుగో మూల. అక్కడ దొరుకుతుంది. అక్కడ ఎవడైనా దొరకాల్సిందే. చెక్కకు చారలుంటాయి, ఏటి నీళ్ల మీద గాలి గీసినట్టు. ఒకే పలకను వరసగా నాలుగు ముక్కలు కోసి చుట్టూ తిప్పి అతికితే, చారలు మొదటి మూలలో ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి విరగకుండా మలుపు తిరుగుతాయి, రెండో మూలలో తిరుగుతాయి, మూడో మూలలో తిరుగుతాయి. నాలుగో మూలలో పలక మొదలు, పలక చివర ఎదురుపడతాయి. ఒకదానికొకటి ముఖం తెలీదు. అక్కడ చారలు కలవవు. ఎంత పనివాడైనా, ఎంత మంచి చెక్కయినా. అందుకని ఆ మూలను వెనక్కి తిప్పి, మడతబందు కింద దాచిపెడతాం. నాకు పని నేర్పిన మా మామ అలాగే చేసేవాడు, నేను అలాగే చేశాను. మూడే కలుస్తాయి, నాలుగోదాన్ని వెనక్కి తిప్పు అని ఆ పిల్లకు చెప్పాను. పెట్టె వెనక్కి తిప్పాను. ఎడమ మూల చూశాను. చారలు కలిశాయి. సరే, కుడి మూలలో పెట్టిందేమో. కుడి మూల చూశాను. కలిశాయి. అయితే బుద్ధి లేక ముందు వైపు పెట్టి ఉంటుంది, కొనేవాడి ముఖం మీద. ముందుకు తిప్పాను. కలిశాయి. నాలుగోదీ కలిసింది. తప్పు లెక్కపెట్టాననుకున్నాను. ఒక మూల మీద సుద్దతో గుర్తు పెట్టి మళ్లీ తిప్పాను. సుద్ద దగ్గర మొదలుపెట్టి సుద్ద దగ్గరికే వచ్చాను. చార ఒకటి, పెన్సిలు గీతంత, పెట్టె చుట్టూ తిరిగి తన తోకను తానే పట్టుకుంది.

స్టూలు మీద కూర్చున్నాను. సానరాయి ఆగింది. ఆగితే మరీ చిరాకుగా ఉంది.

పెట్టె అంచుల మీద చూపు పడింది. మూలల దగ్గర చెక్క కొంచెం, చాలా కొంచెం, నొక్కుకుని ఉంది. వేలెడు వెడల్పున, ఏటవాలుగా. కింది మూల నుంచి పైకి. రబ్బరు పట్టీ నల్ల మరక లేదు. పట్టీ కింద కాగితం మడతపెట్టి కట్టిందన్నమాట. వాలు కోసిన మూలలు ఒకటొకటిగా అతుక్కునేవి కావు, నాలుగూ ఒకేసారి మూసుకోవాలి. ఒకటి అదిమితే ఇంకోటి జారుతుంది, జిగురు పూసిన వాలు మీద వాలు అంటే సబ్బు మీద కాలే. నేను నాలుగు వైపులా అదిమి పట్టుకుంటే మా ఆవిడ కట్టేది. పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి, మూల మూలకూ కాగితం పెట్టి, కింది నుంచి మొదలుపెట్టి ఏటవాలుగా పైకి లాగి చుట్టేది. లాగేటప్పుడు కింది పెదవి పంటి కింద ఉండేది. మాట్లాడేది కాదు. పట్టుకో, అనేది. వదిలెయ్, అనేది. మా కాపురంలో ఆమె నాతో అన్న మాటల్లో సగం ఆ రెండే. మిగతా సగం తిట్లు. ఆసుపత్రిలో, ఆ ఇనప మంచం మీద, కళ్లు మూసుకుని ఉండగా కూడా వదిలెయ్ అంది. ఏది వదిలెయ్యాలో చెప్పలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని లేను, మంచం కమ్మీ పట్టుకుని ఉన్నాను, కమ్మీ సంగతో నాకు తెలీదు, డాక్టరు సంగతో, నా కోపం సంగతో. అడిగితే బదులు రాలేదు. అంత పెద్ద మాట సగంలో ఆపి పోయింది మనిషి. దాన్ని మాత్రం నేను క్షమించను.

ఆ తర్వాత రెండు చేతులు మిగిలాయి. రెండు చేతులతో పెట్టె అవదు. పిల్ల వచ్చి నిలబడింది, నేను కడతా నాన్నా అని. కట్టమన్నాను. జిగురు పూశాను, అదిమి పట్టుకున్నాను. పట్టీ చుట్టడం మొదలుపెట్టింది.

"అలా కాదు. మీ అమ్మ కింది నుంచి కట్టేది."

"కింది నుంచే కడుతున్నా కదా."

"ఇది కిందా? ఇది నడుము. విప్పు."

"జిగురు ఆరిపోతోంది, నాన్నా."

"ఆరనీ. విప్పు."

విప్పింది. కట్టింది. విప్పమన్నాను. ఆ పెట్టె వంకరగా బిగుసుకుపోయింది, దాన్ని తీసి గోడకు కొట్టాను. అమ్మ చేతులు నాకు లేవు నాన్నా, నా చేతులే ఉన్నాయి అంది. అయితే వాటిని జేబులో పెట్టుకో అన్నాను. ఏం తప్పన్నాను? చేతకానివాళ్లతో అదే మాట మా మామ అనేవాడు, నేను పడలేదా. ఇది పడలేదు. మర్నాడు పొద్దున సంచీతో బయటికి నడిచింది. బీరువాలో తల్లి చీరలున్నాయి, ముట్టుకోలేదు. గిన్నెలు ముట్టుకోలేదు. మేకుకు వేలాడుతున్న ట్యూబు పట్టీల కట్ట మాత్రం తీసుకుపోయింది. దొంగ. పాత ట్యూబులు ఏ సైకిల్ కొట్టు ముందైనా కుప్పలు పడి ఉంటాయి, ఊరికే ఇస్తారు, కావాలంటే కోసుకోవచ్చు. నేను కోసుకోలేదు. పెట్టెలు మానేశాను. కిటికీ రెక్కలు, విరిగిన కుర్చీ కాళ్లు, బల్లల సొరుగులు. సొరుగుకు ఎవడూ మూలలు చూడడు. ఇప్పుడు ఆ పట్టీల నొక్కులు నా బల్ల మీదికి వచ్చాయి, నా కళ్ల ముందు. కింది నుంచి కట్టింది. మరి ఆ రోజు నడుము నుంచి ఎందుకు కట్టావే అని అడగాలనిపించింది. ఆ రోజు కూడా కింది నుంచే కట్టిందేమో అన్న ఆలోచన ఒకటి వచ్చింది. దాన్ని పక్కకు తోశాను. నేను పట్టుకుని ఉన్నాను, నాకు తెలీదా.

నాలుగు మూలలూ ఎలా కలిశాయి? మళ్లీ తీసుకున్నాను. మూత మరలు విప్పి పక్కన పెట్టాను. లోపల చూశాను, బయట చూశాను. ముందు పలక చారలు, వెనక పలక చారలు. ముందు పలకలో ఒక చిన్న ముడి, కంటి గుడ్డులా. వెనక పలకలో అదే ముడి. అదే. అద్దంలో చూసినట్టు. అప్పుడు తెలిసింది. ఇది పొడుగు పలక కాదు. దళసరి చెక్క. దాన్ని మందంలో నిలువునా మధ్యకు చీల్చి, పుస్తకంలా తెరిచి, లోపలి ముఖాలు రెండూ బయటికి పెట్టింది. ఒక సగంలో రెండు పలకలు, ఇంకో సగంలో రెండు పలకలు. మొదలూ చివరా ఎదురుపడాల్సిన చోట రెండు సగాలు ఎదురుపడ్డాయి, అవి ఒకే ఒంట్లో పుట్టినవి, కలవక ఏం చేస్తాయి. దళసరి చెక్కను చేతి రంపంతో మందంలో చీల్చడమంటే భుజాలు ఊడతాయి, ఒక పూట పడుతుంది, సగం చెక్క పొట్టు కింద పోతుంది. దుబారా. మా మామ చూసి ఉంటే తన్నేవాడు. ఎవరు నేర్పారు? లప్పం గాడికి ఇది పుట్టుకతో రాదు. నేను నేర్పలేదు. నేను నేర్పింది నాలుగోది కలవదని. కలవదని చెప్తే కలిపి చూపించింది. నా బల్ల మీదికి పంపింది. ఇది పెట్టె కాదు, ఎదురు జవాబు.

అందంగా ఉంటే సరిపోదు. నిలవాలి. వాలు కోత ముఖం జిగురును తాగేస్తుంది, పైన ఏమీ మిగలదు. ముందు పల్చగా ఒక పూత పూసి, తాగనిచ్చి, ఆ తర్వాత అసలు జిగురు పూయాలి. మూలకు అడ్డంగా గాడి కోసి బద్ద దూర్చాలి. బద్దలు కనిపిస్తున్నాయి, నల్లగా, మూలకు మూడు. కానీ లోపల పూత ఒకసారి పూసిందో రెండుసార్లు పూసిందో కంటికి తెలీదు, గోటికి తెలీదు, మూలమట్టానికి తెలీదు. దానికి ఒకటే దారి. మా మామ దగ్గర నేర్చుకునేవాడి పెట్టెను ఆయన చూసేవాడు కాదు, విరగ్గొట్టేవాడు. ఒక మూల మీద నిలబెట్టి ఎదురు మూల మీద మడమ వేసేవాడు. మూల విడిపోతే ఇంకో చెక్క తెచ్చుకో. మూల నిలిచి పక్కన చెక్క చీలితే పని వచ్చినట్టు. నా మొదటిది విడిపోయింది. లప్పం గాడిది మామ తుమ్మితే విడిపోయిందని మా ఆవిడ చెప్పి చెప్పి నవ్వేది. పిల్ల పెట్టెలు నేను విరగ్గొట్టాను. ప్రతిదీ మూల దగ్గరే తెరుచుకుంది. ఏడ్చేది కాదు, ముక్కలు ఏరుకుని పోయేది, తల్లి వాటిని పొయ్యిలో పెట్టేది. "నీకు విరగ్గొట్టడం ఒక్కటే వచ్చు. లోపల ఏం పెట్టుకోవాలో ఒక్కనాడన్నా ఆలోచించావా?" అనేది నాతో. పెట్టెలో ఏం పెట్టుకుంటే నాకెందుకు. నా పని మూల దాకా.

పెట్టెను కింద పెట్టాను, మూల మీద నిలబెట్టాను. ఇది గడియారాల కొట్టాయన సొత్తు అని ఒకసారి అనిపించింది. అనిపించనీ. విడిపోతుంది. విడిపోవాలి. విడిపోతే నాకు కావలసిన మాట దొరుకుతుంది, రెండే రెండు అక్షరాలు, లేదు అని, పాపం రేపటి నుంచి మళ్లీ బాబాయీ బాబాయీ అనుకుంటూ ఆ యంత్రాల మధ్యకే పోతుంది, పోనీ, యంత్రాలంటే మోజు కదా. మడమ వేశాను. మూలిగింది, నిలిచింది. బరువంతా వేశాను. గోడ పట్టుకుని రెండో కాలు కూడా ఎక్కించాను, ఈ వయసులో, పెట్టె మీద మనిషి నిలబడ్డట్టు నిలబడ్డాను. నిలిచింది. దిగాను. కొయ్య సుత్తి తీసుకుని ఎత్తి కొట్టాను. ఒకసారి కాదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా.

పెళ్లుమని విరిగింది.

పక్క కొట్టువాడు తల బయటపెట్టి చూసినట్టున్నాడు. నేను ముక్కలు చూశాను. ముందు పలక నిలువునా చీలిపోయింది, ముడి దగ్గర వంపు తిరిగి, చివరి దాకా. చీలిక మూల దగ్గరికి వచ్చి, మూలను తాకకుండా పక్కకు తప్పుకుపోయింది. వెనక పలక, పక్క పలకలు రెండూ అడ్డంగా తెగాయి. మూలలు నాలుగూ మూలల్లానే ఉన్నాయి, ఒక్కోదానికి అటో బెత్తెడు ఇటో బెత్తెడు చిరిగిన చెక్క వేలాడుతూ. ఒక మూలను రెండు చేతులతో పట్టుకుని విడదీయబోయాను. చెక్క పీచులు అరచేతిలో దిగాయి. మూల కదల్లేదు. రెండుసార్లు పూసింది.

అరచేతిలో పీచు పంటితో లాగుతున్నాను, గుమ్మంలో వెలుగుకు మనిషి అడ్డం వచ్చాడు.

"అయ్యో! ఇదేంటి మేస్త్రీ, విరిగిపోయిందా?"

ఆయనకు చెక్క తెలీదు. కింద ముక్కలు కనబడుతున్నాయి, అంతవరకే ఆయనకు తెలుసు. నేను నోరు విప్పకపోతే చాలు. అబద్ధం చెప్పక్కర్లేదు.

"అయితే మూలలు చెడ్డవేనా?"

"కళ్లతో చూస్తున్నారుగా."

ఆయన నిట్టూరుస్తాడనుకున్నాను. నిట్టూర్చలేదు. పంచె సర్దుకుని గొంతుక్కూర్చున్నాడు. ఒక ముక్క తీశాడు, తిప్పాడు, పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. కుప్పలోంచి నాలుగు ముక్కలు ఏరి వరసగా పెట్టాడు.

"నాలుగూ ఉన్నాయే."

"ఏవి?"

"మూలలు. విరిగింది చెక్క. మూలలు విరగలేదు."

"చెక్క తెలీదన్నారు."

"నాకేం తెలుసండీ. మీ అమ్మాయి చెప్పి పంపింది. మా నాన్న దాన్ని విరగ్గొడతాడు, ఆయన ఏం చెప్తాడో వినొద్దు, ఎక్కడ విరిగిందో చూసి రండి అంది."

సుత్తి ఇంకా నా ఒళ్లో ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. గంట సేపు నా చేతిలో ఉందనుకున్న మాట అసలు నా చేతికి రానేలేదు.

"విరగ్గొట్టకుండా, బాగుంది పొమ్మని ఇచ్చేస్తే?" అన్నాను.

"అదీ చెప్పింది." ఆయన కాస్త ఇబ్బందిపడ్డాడు. "అలా అయితే ఈ పని తనకొద్దంది. జాలిపడ్డారని అర్థమట. మీ జాలితో వచ్చే పని అక్కర్లేదంది."

పొగరు. తల్లిది కాదు ఆ పొగరు, తల్లి అరిచి మర్చిపోయేది. ఇది మర్చిపోయే రకం కాదు. ఎవరి రకమో ఊరందరికీ తెలుసు.

ఆయన ఒక మూలను చంకలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"పని తనకే ఇచ్చేస్తున్నా. మీరేమన్నా చెప్పమంటారా?"

"లోపలి మూలల్లో జిగురు తుడవలేదు. ఆ సంగతి చెప్పండి."

ఆయన చంకలోని మూల తీసి, వెలుతురుకు తిప్పి, వేలు పెట్టి పైనుంచి కిందికి రాశాడు. వేలు చూసుకున్నాడు.

"శుభ్రంగానే ఉంది మేస్త్రీ. జిగురు ఎక్కడా లేదు."

"లేదని తననే వచ్చి చెప్పమనండి."